రోజువారీ బండిగా సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: నల్లగొండ, పాలమూరు లెక్క

ఐదారు లక్షలు చేతిలో పెట్టుకుని కారు కొంటానంటే నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా వినపడే సలహా ఒకటే. "స్విఫ్ట్ తీసుకో, మైలేజీ వస్తది, ఎప్పుడమ్మినా పోతది." సలహా తప్పు కాదు. కానీ అదే డబ్బుకు వంద హార్స్ పవర్ దాటిన టర్బో ఇంజిన్ (గాలిని ఒత్తిడితో లోపలికి నింపి పవర్ పెంచేది), గట్టి బ్రేకులు, మలుపులో రోడ్డును వదలని సస్పెన్షన్ ఉన్న బండి దొరుకుతుంది. దాన్ని రోజూ ఆఫీసుకూ, పిల్లల బడికీ, పండక్కి ఊరికీ నడుపుకోవచ్చు. ఈ మాట అంటే చాలామంది "మెయింటెనెన్స్‌తో మునిగిపోతవ్" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో పాత స్పోర్ట్స్ కారు రోజువారీ బండిగా నడుస్తుంది, హైదరాబాద్‌లో కన్నా బాగా నడుస్తుంది. కాకపోతే అమ్మేవాడు చెప్పిన ధరనే బండి ఖరీదు అనుకుని కొన్నవాళ్లు మాత్రం తప్పకుండా మునుగుతారు.

ముందు ఏ బండ్ల గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవాలి. రెండు డోర్ల బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ, పోర్షే బాక్‌స్టర్ లాంటివి పదేళ్లు దాటాక ధర బాగా పడిపోయి ఊరిస్తాయి. వాటిని రోజువారీ బండిగా కొనొద్దు. పడిపోయింది బండి ధరే, దాని స్పేర్ పార్టుల ధర కొత్తప్పటిలాగే ఉంటుంది. నేల మీద ఎత్తు తక్కువ, స్టెప్నీ ఉండకపోవచ్చు, చిన్న సెన్సర్ పోయినా హైదరాబాద్ దాకా మోసుకుపోవాలి. మనకు పనికొచ్చేది మామూలు హ్యాచ్‌బ్యాక్ ఒంట్లో బలమైన టర్బో ఇంజిన్ పెట్టిన రకం. అబార్త్ పుంటో, పోలో జీటీ టీఎస్ఐ, బలేనో ఆర్ఎస్, ఐ20 ఎన్ లైన్ ఈ కోవలోవి.

వీటిలోనూ తేడాలున్నాయి. 2015లో వచ్చిన అబార్త్ పుంటో అన్నింటికన్నా ఘనమైనది: 1368 సీసీ టర్బో, 145 హార్స్ పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), నాలుగు చక్రాలకూ డిస్కులు. నడుపుతుంటే వదలబుద్ధి కాదు. అయితే 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చేనాటికి ఫియట్ మన దగ్గర కార్ల అమ్మకం ఆపేసింది. పాత స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నది ఫియట్ ఇంజినే కదా, సామాను ఎక్కడైనా దొరుకుతుంది అని కొందరు ధైర్యం చెబుతారు. అది 1.3 డీజిల్ ఇంజిన్ సంగతి. అబార్త్‌లోని టీజెట్ పెట్రోల్ ఇంజిన్ వేరు, దానికి దగ్గరి బంధువులు లీనియా టీజెట్ లాంటి కొద్ది ఫియట్ బండ్లే. అందుకే అబార్త్‌ను ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లే కొనాలి. ఒక పార్టు కోసం రెండు వారాలు ఆగగలిగినవాళ్ల బండి అది.

పోలో జీటీ టీఎస్ఐలో రెండు తరాలున్నాయి, అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. 2013లో వచ్చింది 1.2 లీటర్ల ఇంజిన్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు). 2020లో వచ్చింది 1.0 లీటరు మూడు సిలిండర్ల టర్బో, 110 పీఎస్ (దాదాపు అన్నే హార్స్ పవర్), మామూలు టార్క్ కన్వర్టర్‌తో పనిచేసే ఆరు గేర్ల ఆటోమేటిక్. అదే ఇంజిన్ ఆరు గేర్ల మాన్యువల్‌తో కూడా వచ్చింది. రోజూ నడపడానికి నా ఓటు ఈ రెండో తరానికే. పోలో 2022లో ఆగిపోయినా అదే కుటుంబపు ఇంజిన్ టైగున్, వర్టస్, కుషాక్, స్లావియాల్లో నడుస్తోంది. కాబట్టి ఇంజిన్ సామానుకు చాలా ఏళ్లు కొదవ ఉండదు. ఇక సర్వీసు జిల్లా కేంద్రం దాటకూడదు అనుకునేవాళ్లకు 2017లో వచ్చిన బలేనో ఆర్ఎస్ ఉంది. 998 సీసీ బూస్టర్‌జెట్ టర్బో, 102 పీఎస్. మిగతావాటి అంత సరదా ఇవ్వదు కానీ ఒళ్లంతా మారుతిదే, బంపరు నుంచి బుష్ దాకా దొరుకుతుంది.

ఇప్పుడు డబ్బు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, పెట్రోల్ లీటరు 107 రూపాయలు, నాలుగేళ్లు ఉంచుకుని అమ్మడం అనుకుని మూడు బండ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ బేరం ప్రకారం మార్చుకోండి. ఆన్‌రోడ్ 14 లక్షల కొత్త చిన్న ఎస్‌యూవీని నాలుగేళ్లకు 8 లక్షలకు అమ్మితే ఏడాదికి లక్షన్నర విలువలోనే పోతుంది. లీటరుకు 16 ఇస్తే పెట్రోల్ 80 వేలు, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి 50 వేలు, మొత్తం 2 లక్షల 80 వేలు. ఐదున్నర లక్షలకు కొన్న టర్బో హ్యాచ్‌ను మూడున్నరకు అమ్మితే విలువ నష్టం ఏడాదికి 50 వేలు. లీటరుకు 12 లెక్కన పెట్రోల్ 1,07,000. ఇన్సూరెన్స్ 15 వేలు, మరమ్మతులకు 70 వేలు పక్కన పెడితే 2 లక్షల 42 వేలు. అదే ఐదున్నరకు పాత స్విఫ్ట్ కొని నాలుగు లక్షలకు అమ్మితే ఏడాదికి 37 వేల నష్టం. లీటరుకు 18 చొప్పున పెట్రోల్ 71 వేలు, మిగతా ఖర్చులు 33 వేలు, మొత్తం లక్షా 41 వేలు.

అంటే కొత్త ఎస్‌యూవీ కన్నా పాత స్పోర్ట్స్ కారు చవకే. పాత స్విఫ్ట్ కన్నా మాత్రం ఏడాదికి లక్ష ఎక్కువ, నెలకు ఎనిమిది వేల పైచిలుకు. "స్పోర్ట్స్ కారు చవక" అనేవాళ్లూ, "ఇల్లు గుల్ల చేస్తది" అనేవాళ్లూ ఈ రెండు పోలికల్లో ఒకటే చూపిస్తారు. నెలకు ఆ ఎనిమిది వేలు మీకు భారం కాకపోతే కొనండి, భారమైతే స్విఫ్ట్ సలహా ఇచ్చినవాళ్ల మాటే వినండి.

మరమ్మతుల 70 వేలు ఏటా సమానంగా రావు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక ఏడాది ఆయిలు, ఫిల్టర్లతో పోతుంది, మరుసటి ఏడాది గేరుబాక్సు ఒక్కటే లక్ష దాటిస్తుంది. అందుకే చేతిలో ఉన్న డబ్బులో నాలుగో వంతును బండిలో పెట్టకుండా పక్కన ఉంచాలి. ఏడున్నర లక్షలుంటే ఐదున్నర బండికి, రెండు బ్యాంకులో. బర్రెను కొనేవాడు దాణా డబ్బులు కూడా సంతలోనే ఇచ్చి రాడు కదా. ఆ రెండు లక్షలు లేకుండా లోను మీద కొంటే మొదటి పెద్ద రిపేరుకే బండి షెడ్డులో నిలబడిపోతుంది. కొన్న రెండో ఏడే అమ్మకానికి వచ్చే బండ్ల వెనక ఎక్కువసార్లు ఉండే కథ ఇదే.

మన జిల్లాలు ఈ బండ్లకు అనువు అని ఎందుకంటున్నానంటే, టర్బో ఇంజిన్‌నూ, డ్రై క్లచ్ గేరుబాక్సునూ త్వరగా అరగదీసేది వేగం కాదు, ఆగి ఆగి పాకడం. డీఎస్‌జీలో రెండు పొడి క్లచ్‌లుంటాయి. ట్రాఫిక్‌లో అడుగడుగునా పాకుతుంటే అవి సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతాయి. ఆ గేర్లను మార్చే మెకట్రానిక్స్ యూనిట్ కూడా ఆ వేడికే అలసిపోతుంది. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా 65వ నంబరు హైవే, షాద్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా కొత్తకోట దాకా 44వ నంబరు హైవే చూడండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, టాప్ గేరులో ఒకే తీరున సాగే దూరాలవి. అక్కడ 80, 90 మీద పోయే టర్బో కారు లీటరుకు 15, 16 కూడా ఇస్తుంది. ఈ బండి గొప్ప ఏమిటో తెలిసేది నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ వైపు పోయే రెండు వరుసల రోడ్డు లాంటి చోట. గడ్డి మోపుల ట్రాక్టరును దాటాలంటే 60 నుంచి 90కి త్వరగా అందుకోవాలి, ఎదురు వరుసలో ఉండే సమయం తగ్గాలి. టార్క్ ఉపయోగం ఇదీ. నాలుగు వరుసల జాతీయ రహదారిపై కార్లకు గరిష్ఠ వేగం గంటకు వంద అని కేంద్రం 2018లో నిర్ణయించింది, కొన్నిచోట్ల బోర్డు ఇంకా తక్కువ చూపిస్తుంది. అది దాటి పోయే సరదా కోసమైతే ఈ వ్యాసం మీకు కాదు.

మరి ఇక్కడ బండిని పాడుచేసేదేమిటి? ఎండ, నీళ్లు, దుమ్ము, స్పీడ్ బ్రేకర్.

మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది. పాత టర్బో బండిలో ఇంజిన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్, రబ్బరు పెళుసెక్కి ఉంటాయి. ముందు పోయేవి థర్మోస్టాట్ హౌసింగ్, కూలెంట్ ట్యాంకు అతుకులు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లార్చే రేడియేటర్‌కు) పోయే పైపులు. పైపు చీలితే ఈలలాంటి శబ్దం వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగదు. దీన్నే "టర్బో పోయింది" అని చెప్పి టర్బో మార్పించే షెడ్లున్నాయి. ముందు పైపులకు సబ్బు నీళ్లు కొట్టి, లోపలికి పొగ పంపి లీకు ఎక్కడుందో చూడమనండి. కొన్ని వందల క్లిప్పుతోనో, కొన్ని వేల పైపుతోనో పోయేదానికి టర్బో ధర కట్టకండి.

కూలెంట్ దగ్గర మన జిల్లాకు ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఏం చేసిందో అందరికీ తెలుసు. రేడియేటర్‌ను చంపేది ఆ నీళ్లలోని సున్నం. దారిలో కూలెంట్ తగ్గిందని పంక్చర్ షాపులోని బకెట్ నీళ్లు పోస్తే, అవి మరిగి సన్నని గొట్టాల లోపల తెల్లటి పొరగా పేరుకుంటాయి. చిన్న హ్యాచ్‌బ్యాక్ అది కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. టర్బోకు కూడా అదే కూలెంట్ తిరిగే ఇంజిన్ ఓర్చుకోదు, ఓవర్‌హీట్ అయి హెడ్ గాస్కెట్ పోతుంది. కంపెనీ చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపిన రెండు లీటర్లు డిక్కీలో ఎప్పుడూ ఉండాలి. కొనేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా మూత తీసి చూడండి. రంగు లేని నీళ్లుంటే, లేక మూత కింద తెల్లగానో తుప్పు రంగుగానో ఉంటే ఆ బండి ఎలా బతికిందో అక్కడే తెలిసిపోతుంది.

దుమ్ముకు మందు తొందరగా మార్చడమే. పుస్తకం ఏడాదికో పది, పదిహేను వేలకో మార్చమన్నా, మన మట్టి రోడ్లకు ఎయిర్ ఫిల్టర్‌ను 5,000కి ఒకసారి తీసి చూడాలి, ఇంజిన్ ఆయిల్ 7,500కి మార్చాలి. కంపెనీ ప్రమాణం ఉన్న ఫుల్ సింథటిక్ వాడాలి. పోలో 1.0 ఇంజిన్‌కు సుమారు 4 లీటర్లు పడుతుంది. టర్బో బేరింగ్ ఆ ఆయిలు పొర మీదే తిరుగుతుంది. హైవే మీద గంటసేపు లాగించి వచ్చి టక్కున ఆపితే, తిరగడం ఆగిన ఆయిలు ఆ వేడికి లోపలే మాడి మసి కడుతుంది. ఊళ్లోకి వచ్చాక చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు. లేదా దాబా ముందు ఒక నిమిషం ఇంజిన్‌ను అలాగే తిరగనివ్వండి.

కోతల కాలంలో ఇంకో సంగతి. మిర్యాలగూడ, హాలియా, నకిరేకల్ చుట్టూ వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట ఆ రాయి మీదికెక్కితే సన్న టైరు పక్క గోడ ఉబ్బుతుంది, అలాయ్ వంగుతుంది. అంతకన్నా ప్రమాదం వరిగడ్డి. కిందికి ఉన్న బండి గడ్డి మీదుగా పోతే అది సైలెన్సర్ గొట్టానికీ, పొగలోని విషాలను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ చుట్టుకుంటుంది. టర్బో బండిలో అక్కడి వేడికి గడ్డి అంటుకుంటుంది. మాడు వాసన వస్తే గడ్డి లేని చోట ఆపి కిందికి వంగి చూడాలి. అసలు వడ్లు, గడ్డి పరిచిన రోడ్ల మీద సాయంత్రం తర్వాత పోకపోవడమే మంచిది.

స్పీడ్ బ్రేకర్ల గురించి పెద్దగా భయపడక్కర్లేదు. అబార్త్ నేల మీది ఎత్తు 155 మిల్లీమీటర్లు, నలుగురు కూర్చుంటే ఊరి బ్రేకర్లకు తగులుతుంది, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కిస్తే దాటుతుంది. దాని 195/55 ఆర్16 టైర్ల బదులు 205/55 ఆర్16 వేస్తే బండి ఐదు మిల్లీమీటర్ల పైన లేస్తుంది, పక్క గోడ ఎత్తు పెరుగుతుంది. స్పీడోమీటర్ తేడా రెండు శాతం లోపే. పెద్ద అలాయ్‌లు, సన్న టైర్లు వేసుకున్న బండి ఫోటోలో బాగుంటుంది, దేవరకొండ రోడ్డు గుంతల్లో కాదు.

పెట్రోల్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది, ఈ బండ్లలో చాలావరకు అంతకుముందు తయారైనవి. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరుగుతుంది కాబట్టి టర్బో ఇంజిన్‌కు నాకింగ్ (పెట్రోల్ వేళ తప్పి మండటం) భయం తగ్గుతుంది. శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది. పాత రబ్బరు పైపులు, ఓ రింగులు దానికి మెత్తబడతాయి, అందుకని ఏటా ఒకసారి ఇంధన పైపులను వాసన పట్టి, చేత్తో తడిమి చూడాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకుకు అది మంచిది కాదు. రోజూ తిరిగే బండికి ఈ బాధ ఉండదు. కవరు కప్పి షెడ్డులో దాచిన స్పోర్ట్స్ కారు కన్నా రోజూ నడిచేదే ఆరోగ్యంగా ఉంటుందని నేననేదానికి ఇదొక కారణం. బ్యాటరీ, టైర్లు, ఆయిల్ సీళ్లు కూడా అదే చెబుతాయి.

కొనేముందు పరీక్ష తెల్లవారి చల్లని ఇంజిన్‌తోనే చేయాలి. మీరు పోయేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిలు మండుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి తప్పుల కోడ్‌లు చూడటంతో ఆగొద్దు, రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయా చూడాలి. అవి అసంపూర్తిగా ఉన్నాయంటే ఈ మధ్యే కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. కంప్రెషన్ పరీక్షలో సిలిండర్ల మధ్య తేడా పదిహేను శాతం దాటితే బేరం ఆపేయండి. డీఎస్‌జీ అయితే ఇరవై నిమిషాలు ఊళ్లో ఆగుతూ నడపండి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు, రివర్స్ పడటానికి ఆలస్యం, డ్యాష్‌బోర్డు మీద గేరు అంకె మిణుకుమనడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా రిపేరు ఖర్చు లక్షల్లో ఆలోచించాలి.

వరద బండ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. ఆ రెండు ఊళ్ల మధ్య హైవే మీద ఉన్న బజారు మనది. సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. సీటు కింది బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, కార్పెట్ కింది వైర్ల జాయింట్ల దగ్గర పచ్చటి చిలుము చూడండి. బయట ఎంత పాలిష్ కొట్టినా ఇవి శుభ్రం చేయరు.

రీమ్యాప్ చేసిన, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పవర్ పెంచిన బండి ఇంకో రకం ఉచ్చు. "స్టేజ్ వన్ చేయించినం, ముప్పై హార్స్ పవర్ పెరిగింది" అని గొప్పగా చెబుతారు. క్లచ్, గేరుబాక్సు, పిస్టన్లు పాతవే, వాటి మీద భారం కొత్తది. పైగా కంపెనీ పేర్కొన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చప్పుడు సైలెన్సరు ఉన్న బండిని పోలీసులు ఆపడం ఒక ఎత్తు. ప్రమాదం జరిగాక చెప్పని మార్పులు బయటపడితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిం మీద పేచీ పెట్టడం ఇంకో ఎత్తు.

కాగితాలు. తెలంగాణ బండి అయితే ఫారం 29, 30, లోను ఉండి ఉంటే బ్యాంకు ఇచ్చిన ఫారం 35. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ. ఢిల్లీలో పాత బండ్ల ఆంక్షల భయంతో అక్కడి ధరలు తక్కువగా కనిపిస్తాయి. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క మీరిచ్చిన ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద, వయసును బట్టి వేస్తారు. దానికి బండి తెచ్చే ఖర్చు కలిపితే లాభం చాలాసార్లు మాయమవుతుంది. అమ్మినవారి నో క్లెయిం బోనస్ మీకు రాదు, అది వాళ్ల సొంతం. ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి చెప్పాలి. థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు 2,094, వెయ్యి నుంచి 1500 దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు. చిన్న టర్బోలు ఇక్కడ కూడా మేలు. ఐదేళ్లు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత పెట్టని ఇన్సూరెన్స్) దొరకడం కష్టం, కాబట్టి బంపరు పగిలితే సగం మీ జేబు నుంచే అనుకోండి.

పేరు మారాక మొదటి నెలలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ మార్చేయండి, పాత ఓనరు ఏం చెప్పినా సరే. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. అబార్త్‌కు టైమింగ్ బెల్టు బిల్లు లేకపోతే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చాలి. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, అప్పుడు హెడ్ విప్పాల్సిందే. ఒక ఇగ్నిషన్ కాయిల్ అదనంగా కొని ఉంచుకోండి. కాయిల్ పోయి మిస్‌ఫైర్ అవుతుండగా అలాగే నడిపితే మండని పెట్రోల్ పోయి కన్వర్టర్‌ను కరిగిస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. గాడుల లోతు ఎంత మిగిలినా ఆరేళ్లు దాటినవి మన ఎండల్లో హైవేకు పనికిరావు. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి, దాదాపు ప్రతి ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్ఐ మారుతుంది.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకునేటప్పుడు బండిని మొత్తం పైకెక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ వస్తుందా, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం అని అడగండి. డీఎస్‌జీ, ఆటోమేటిక్ బండ్లను ముందు చక్రాలు నేల మీద ఉంచి తాడుతో లాగితే గేరుబాక్సు లోపల దెబ్బతింటుంది. అచ్చంపేట దాటి శ్రీశైలం అడవి దారిలో ఆగితే సిగ్నల్ కూడా ఉండదు, మన్ననూరులోనే ట్యాంకు, కూలెంట్, టైర్లు చూసుకుని పోవాలి.

అమ్మడం గురించి కొనేటప్పుడే ఆలోచించాలి. ఇలాంటి బండికి నల్లగొండలోనో, వనపర్తిలోనో కొనేవాళ్లు కొద్దిమంది, బేరం హైదరాబాద్‌లోనే తెగుతుంది. అక్కడ ఇది కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు బిల్లులు అడుగుతారు. ప్రతి ఆయిల్ మార్పుకూ తేదీ, కిలోమీటర్లు రాసిన బిల్లును ఫైల్లో పెట్టండి. తీసేసిన ఒరిజినల్ సైలెన్సరో, అలాయ్‌లో ఉంటే పారేయకండి. పదిహేనేళ్ల ఆర్‌సీ గడువుకు నాలుగైదేళ్లు మిగిలి ఉండగానే అమ్మకానికి పెట్టండి.